మచ్చ మీదుందా, లోపలుందా: ‘బ్లెమిష్’ అనే మాటను సరిగ్గా వాడటం ఎలా?

రెండేళ్ల కింద వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయనకు ఇంగ్లిష్‌లో చీటీ రాసిచ్చాను. చిన్నప్పటి నుంచీ నేను ఆయన్ని పెద్దబాపు అనే పిలుస్తాను. ఢిల్లీలో ఒకాయనకు పన్నెండు జంపఖానాలు పంపుతున్నారు. అందులో ఒకదానికి వెనుక వైపు, అంచుకు జానెడు దూరంలో గోరంత ముడి పైకి తేలింది. కొనేవాళ్లకు ముందే చెప్పేస్తే మాట దక్కుతుందని ఆయన పట్టుదల. "చిన్న మచ్చ లెక్క ఒకటున్నదని రాయి బిడ్డా" అన్నారు. నేను ‘స్మాల్ డిఫెక్ట్’ అని రాశాను. వారం తిరక్కుండా ఆ జంపఖానా వెనక్కి వచ్చింది. మిగతా పదకొండూ మళ్లీ పరీక్ష చేయించాలని కబురు కూడా వచ్చింది.

కట్ట విప్పి, ముడి మీద బొటనవేలు పెట్టి పెద్దబాపు అన్న మాట నాకింకా గుర్తుంది. "బిడ్డా, ఇది లోపం గాదు. పోగు తెగింది, ముడి ఏసినం. ముడి ఏయకుండ ఇడిచిపెడితె అది లోపం."

ఆయన చెప్పింది ‘మచ్చ’. నేను రాసింది ‘లోపం’. తెలుగులో ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో ఇంగ్లిష్‌లోనూ అంతే ఉంది. మచ్చకు సరిపోయే ఇంగ్లిష్ మాట బ్లెమిష్. ఆ రోజు నాకు అది తట్టలేదు. హన్మకొండలో సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పే నేను అప్పటి నుంచి ఈ ఒక్క మాటకు ఒక పూట పూర్తిగా కేటాయిస్తున్నాను. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లు, ఆఫీసు మెయిళ్లు రాసేవాళ్లు, పరీక్షలకు తయారయ్యే పిల్లలు అందరికీ పనికొచ్చేలా ఆ పాఠాన్నే ఇక్కడ అడుగు అడుగుగా రాస్తున్నాను.

మొదటి అడుగు: మాట లోపల ఏముందో చూడండి

బ్లెమిష్ పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అక్కడ దాని మూల క్రియకు పాలిపోయేలా చేయడం, రంగు చెడగొట్టడం, గాయపరచడం అనే అర్థాలు ఉండేవి. నిఘంటువులో చూస్తే మరక, మచ్చ, కళంకం అని ఉంటుంది. అవన్నీ నిజమే. కానీ ఆ ‘పాలిపోవడం’ పట్టుకుంటే మాట మొత్తం చేతికి వస్తుంది.

మన వైపు వాళ్లకు ఇది అర్థం చేసుకోవడం చాలా తేలిక. మిర్చి పండించే ఇంట్లో పుట్టినవాళ్లకైతే ఇంకా తేలిక. ఎనుమాముల మార్కెట్‌కు బస్తాలు తోలే ముందు కల్లంలో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని తాలు ఏరుతుంటారు. ఒక తాలుకాయను చేతిలోకి తీసుకుని చూడండి. తొడిమ దగ్గర ఎరుపు ఉంటుంది. సగానికి వచ్చేసరికి ఆ ఎరుపు నీరసించి, కొసకు తెల్లగా, గడ్డి రంగులోకి దిగిపోతుంది. మంచి కాయ పక్కన పెడితే పాలిపోయిన ముఖంలా కనిపిస్తుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చికి కారం తక్కువ, రంగే దాని బలం. అలాంటి కాయ మీద తెల్లమచ్చ పడితే ధర దిగుతుంది. ఆ తెల్లమచ్చే బ్లెమిష్.

ఇక్కడ ఒక జాగ్రత్త. కాయ మీద మచ్చ బ్లెమిష్ అవుతుంది కానీ, పూర్తిగా తెల్లబడిన తాలును ‘బ్లెమిష్డ్ చిల్లీ’ అంటే చాలదు. దాన్ని డిస్‌కలర్డ్ అనాలి. బ్లెమిష్ అన్నప్పుడు వస్తువులో ఎక్కువ భాగం బాగుండాలి. మచ్చ కనిపించాలంటే చుట్టూ శుభ్రమైన చోటు ఉండాలి కదా.

రెండో అడుగు: పనికి అడ్డం వస్తుందా అని అడగండి

ఇంగ్లిష్ దేశాల్లో గుర్రాల బేరగాళ్లు ఒక తేడా పాటిస్తారు. గుర్రం కాలి మీద పాత గాయం మచ్చ ఉండి, నడకకూ పరుగుకూ ఏ ఇబ్బందీ లేకపోతే అది బ్లెమిష్. అదే గుర్రం కుంటితే దానికి వేరే మాట వాడతారు, అన్‌సౌండ్‌నెస్ అని. మొదటిదానికి అందం తగ్గుతుంది, రెండోదానికి పని తగ్గుతుంది.

నేను పిల్లలకు నేర్పే పరీక్ష ఇదే. చేతిలో వస్తువు పెట్టుకుని తెలుగులోనే అడగండి: ‘దీనివల్ల పని ఆగుతుందా?’ ఆగకపోతే బ్లెమిష్. ఆగితే డిఫెక్ట్ లేదా ఫాల్ట్. స్టీలు బిందె మీద గీత ఉన్నా నీళ్లు కారవు కాబట్టి అది బ్లెమిష్. అడుగున సన్నని చిల్లు ఉంటే గీతకంటే చిన్నగా కనిపించినా అది డిఫెక్ట్. ఇక్కడ పరిమాణం మనల్ని మోసం చేస్తుంది. ‘చిన్నది కాబట్టి బ్లెమిష్, పెద్దది కాబట్టి డిఫెక్ట్’ అని చాలామంది అనుకుంటారు. చిన్నా పెద్దా తర్వాత, ముందు పని సంగతి చూడాలి.

నా చీటీ ఎందుకు అంత టెన్షన్ తెచ్చిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. డిఫెక్ట్ అనేది చట్టంలో ఉన్న మాట. మన దేశపు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దానికి ప్రత్యేకంగా నిర్వచనం ఇచ్చింది. నాణ్యతలో, పరిమాణంలో, శక్తిలో, స్వచ్ఛతలో, ఉండాల్సిన ప్రమాణంలో ఏ లోపం ఉన్నా అది డిఫెక్టే. ఆ మాట కాగితం మీద చూడగానే కొనే మనిషికి వాపసు, నష్టపరిహారం గుర్తుకొస్తాయి. అలాగని నిజంగా డిఫెక్ట్ ఉన్నచోట బ్లెమిష్ అని రాసి తప్పించుకోకండి. అది కొనేవాళ్లను మోసం చేయడమే. ఆ తర్వాత మీరు నిజమైన మచ్చను మచ్చ అన్నా నమ్మరు.

ఒక్కోసారి నష్టం బ్లెమిష్ దాటిపోయి ఉంటుంది. రామప్ప గుడికి వెళ్లినవాళ్లు చూసే ఉంటారు, లోపల నేల అక్కడక్కడా కుంగి ఎగుడుదిగుడుగా ఉంటుంది. 1213 నాటి గుడి అది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నా దగ్గర చదివే ఒక అమ్మాయి టూరిస్టులకు చెప్పే వ్యాసంలో ఆ నేలను ‘బ్లెమిష్’ అని రాసింది. గుడి మీద ప్రేమతో తగ్గించి చెప్పాలనుకుంది. కానీ కుంగిన నేలకు డ్యామేజ్ అనే మాటే సరైనది. ఒక నల్లరాతి బొమ్మ చేతివేలు కొస ఊడిపోతే అది ‘చిప్’. నున్నటి రాతి స్తంభం మీద నూనె మరక పడితే, అదిగో అప్పుడు బ్లెమిష్.

మూడో అడుగు: మీద, లో

నేను అన్నిటికంటే ఎక్కువసేపు చెప్పేది ఈ అడుగే. ఎందుకంటే ఇక్కడ తెలుగు మనకు ఎదురు రాదు, తోడు వస్తుంది.

మచ్చ ఎక్కడుంటుంది? మీద. ముఖం మీద మచ్చ, పేరు మీద మచ్చ. లోపం ఎక్కడుంటుంది? లో. లెక్కలో లోపం, మనిషిలో లోపం. ఇంగ్లిష్ కూడా దాదాపు అలాగే నడుస్తుంది. బ్లెమిష్ తర్వాత ఆన్ వస్తుంది. ఫ్లా, డిఫెక్ట్ తర్వాత ఇన్ వస్తుంది. ‘ఎ బ్లెమిష్ ఆన్ ది స్కిన్’, ‘ఎ బ్లెమిష్ ఆన్ హర్ రికార్డ్’. ‘ఎ ఫ్లా ఇన్ ది ప్లాన్’, ‘ఎ డిఫెక్ట్ ఇన్ ది మోటార్’. ఏ మాట వాడాలో తోచకపోతే ముందు తెలుగులో వాక్యం చెప్పుకోండి. నోటికి ‘మీద’ వస్తే బ్లెమిష్ వైపు వెళ్లండి, ‘లో’ వస్తే ఫ్లా వైపు వెళ్లండి.

ఒక మినహాయింపు ఉంది. ఆట, పాట, ప్రసంగం లాంటి వాటితో ఇన్ కూడా వాడతారు. ఒక బ్యాటర్ సెంచరీ కొట్టాడు, మధ్యలో ఒక్కసారి మాత్రం క్యాచ్ ఇచ్చి బతికిపోయాడు అనుకుందాం. ‘ది ఓన్లీ బ్లెమిష్ ఇన్ యాన్ అదర్‌వైజ్ పర్ఫెక్ట్ ఇన్నింగ్స్’ అంటారు. ఈ అచ్చును కంఠస్థం చేయండి: ‘ది ఓన్లీ బ్లెమిష్’, తర్వాత ‘అదర్‌వైజ్’, దాని వెనుక ఒక మంచి విశేషణం. అంతా బాగుంది, ఇదొక్కటే అని చెప్పడానికి ఇంగ్లిష్‌లో ఇంతకంటే మర్యాదైన దారి నాకు తెలియదు. పెళ్లిలో భోజనాలు అద్భుతం, పప్పులో ఉప్పు మాత్రం కాస్త ఎక్కువైంది అనే సందర్భంలో కూడా పనికొస్తుంది.

నాలుగో అడుగు: చుట్టాలను గుర్తుపట్టండి

చిన్న లోపాలకు ఇంగ్లిష్‌లో చాలా మాటలున్నాయి. అన్నీ ఒకేసారి నేర్చుకోవాల్సిన పని లేదు. వీటిలో ఫ్లా, ఫాయిబుల్ అనే రెండు మాత్రం శ్రద్ధగా పట్టుకోండి.

ఫ్లా పాత నార్స్ భాషలో రాతి పెచ్చుకు వాడిన మాట నుంచి వచ్చిందంటారు. పెచ్చు నుంచి పగులు, పగులు నుంచి లోపలి బలహీనత, ఇలా అర్థం లోపలికి దిగింది. అందుకే వాదనకు, పథకానికి, డిజైన్‌కు, కథకు ఫ్లా వాడతారు. లాయర్లు వాదనలో ‘లొసుగు’ పట్టుకున్నారని మనం అంటామే, అది ఫ్లా. బ్లెమిష్‌ను తుడిచో కప్పేసో ఊరుకోవచ్చు. ఫ్లా ఉంటే మళ్లీ మొదటి నుంచి ఆలోచించాల్సి రావచ్చు.

ఫాయిబుల్ మనుషుల కోసమే ఉన్న మాట. కత్తియుద్ధంలో కత్తి అలుగుకు రెండు భాగాలు చెబుతారు. పిడి వైపు గట్టి భాగం ఫోర్ట్, కొస వైపు బలహీనమైన భాగం ఫాయిబుల్. మనిషి స్వభావంలో అలాంటి చిన్న బలహీనత, ఎదుటివాళ్లు నవ్వి క్షమించే అలవాటు, అదే ఫాయిబుల్. మా తాతకు పొద్దున పేపరు తనకంటే ముందు ఎవరైనా మడత విప్పితే ఒప్పుకునేవాడు కాదు. ‘ముట్టిన పేపరు నాకొద్దు’ అని మళ్లీ నాలుగు మడతలు వేయించుకుని, తనే విప్పేవాడు. అది ఆయన ఫాయిబుల్. దాన్ని బ్లెమిష్ అంటే తాత చేయని తప్పేదో చేసినట్టు ధ్వనిస్తుంది. ఇష్టమైన మనుషుల గురించి రాసేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం.

మిగతావి త్వరగా చూద్దాం. గ్లిచ్ అంటే క్షణం సేపు వచ్చిపోయే ఇబ్బంది. ఫోన్‌లో యాప్ ఒక్కసారి బిగుసుకుపోయి మళ్లీ నడిస్తే గ్లిచ్. ప్రతిసారీ అదే చోట ఆగితే బగ్. టార్నిష్ లోహాలది. పెంబర్తి ఇత్తడి పళ్లెం ఏడాది షోకేసులో ఉంటే మెరుపు పోయి నల్లబడుతుంది, చింతపండుతో తోమితే మళ్లీ వస్తుంది. పేరు ప్రతిష్ఠలకు కూడా ఈ మాట వాడతారు. అదే పళ్లెం కిందపడి సొట్టపోతే డెంట్. నిట్‌పికింగ్ అనేది లోపం పేరు కాదు, లోపాలు వెతికే గుణం పేరు. నిట్ అంటే పేను గుడ్డు. వాళ్లు పేను గుడ్లు ఏరితే, మనం కోడిగుడ్డు మీద ఈకలు పీకుతాం.

ఐదో అడుగు: అసలు పేరుంటే దాన్నే వాడండి

బ్లెమిష్ ఒక గొడుగు మాట. మరక, గీత, ముడి, చుక్క అన్నీ దాని కింద ఉంటాయి. గొడుగు మాట ఒక్కటే చెబితే చదివేవాళ్లు తమకు తోచిన భయం ఊహించుకుంటారు. అందుకే సరుకు గురించి రాసేటప్పుడు బ్లెమిష్ వెంటనే నాలుగు సంగతులు చెప్పండి: అది ఏమిటి, ఎక్కడుంది, ఎంతుంది, దానివల్ల ఏమవుతుంది. నాలుగోది మరవకండి, కొనేవాళ్లు తేల్చుకునేది దాన్ని బట్టే.

ఆన్‌లైన్‌లో చేనేత అమ్మేవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. మగ్గం మీద నేసిన బట్టలో పేక పోగులు ఒక్కో చోట కాస్త ఒత్తుగా, కాస్త పలచగా పడటం సహజం. అచ్చు వేసినట్టు ఒకేలా ఉండదు. దాన్ని బ్లెమిష్ అని రాసుకోవడం నాకు ఇష్టం ఉండదు. ‘ఇర్రెగ్యులారిటీ’ లేదా ‘స్లైట్ వేరియేషన్’ అనండి, చేతితో నేసిన బట్టకు అది సహజమని పక్కనే రాయండి. వరంగల్ డర్రీలకు, అంటే మన జంపఖానాలకు, 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు చేతిపనికి వచ్చింది, మిషన్ పనికి రాలేదు. చేయి పనిచేసిన గుర్తును మనమే మచ్చ అని పిలవకూడదు. పెద్దబాపు ముడి మాత్రం వేరు. అది మామూలుగా కింద అణిగి ఉండాలి, పైకి తేలింది. కాబట్టి అది బ్లెమిషే, ఆయనా దాన్ని మచ్చనే అన్నారు.

ఆరో అడుగు: మనుషుల దగ్గర జాగ్రత్త

ప్రతిష్ఠ విషయంలో తెలుగూ ఇంగ్లిషూ ఒకే దారిలో నడుస్తాయి. ‘మచ్చలేని మనిషి’ అన్నట్టే ‘అన్‌బ్లెమిష్డ్ రికార్డ్’, ‘అన్‌బ్లెమిష్డ్ రెప్యుటేషన్’ అంటారు. రిటైరయ్యే ఉద్యోగి సన్మానపత్రంలో ‘థర్టీ ఇయర్స్ ఆఫ్ అన్‌బ్లెమిష్డ్ సర్వీస్’ అని రాస్తే చక్కగా కుదురుతుంది. ‘కుటుంబానికి మచ్చ తెచ్చాడు’ అనే మాటను మాత్రం ఉన్నదున్నట్టు మార్చకండి. ‘హి బ్రాట్ బ్లెమిష్ టు ది ఫ్యామిలీ’ ఇంగ్లిష్ కాదు. అక్కడ వాళ్లు ‘బ్రాట్ షేమ్ ఆన్ ది ఫ్యామిలీ’ అంటారు.

క్రీముల ట్యూబుల మీద ఈ మాట బాగా కనిపిస్తుంది. అక్కడ మొటిమలు, వాటి మచ్చలు, నల్లచుక్కలు అన్నీ కలిపి బ్లెమిషెస్. కోసుకున్న గాటు మానితే మిగిలేది స్కార్. పుట్టుమచ్చకు మోల్ లేదా బర్త్‌మార్క్ అనే సొంత పేర్లున్నాయి. మనకు మచ్చ, పుట్టుమచ్చ రెండింటిలోనూ ‘మచ్చ’ ఉంది కాబట్టి తికమక వస్తుంది. పసిపిల్ల చెంప మీది పుట్టుమచ్చను ‘బ్లెమిష్’ అంటే తల్లి మనసు నొచ్చుకుంటుంది. మనిషి వైకల్యానికి ఈ మాట అస్సలు వాడకండి. నా క్లాసులో ఎవరైనా అలా రాస్తే ఆ రోజు పాఠం ఆపి ముందు అదే మాట్లాడతాను.

ఉద్యోగ ఇంటర్వ్యూలో ‘మీ లోపాలేమిటి’ అని అడిగితే ‘మై బ్లెమిష్ ఈజ్’ అని మొదలుపెట్టొద్దు. అక్కడి మాట వీక్‌నెస్. బ్లెమిష్ అంటే మీ సర్వీసు రికార్డులో ఏదో జరిగిందని వాళ్లు అనుకునే ప్రమాదం ఉంది.

ఏడో అడుగు: పలకడం, రాయడం

బరువు మొదటి అక్షరం మీద పెట్టి, ‘బ్లె’ను పొట్టిగా పలకాలి. మన వైపు చాలామంది ‘బ్లేమిష్’ అని సాగదీస్తారు. బ్లేమ్ నుంచి వచ్చిందని అనుకోవడమే దానికి కారణం. రెండింటికీ చుట్టరికం లేదు. బ్లేమ్ వేరే మూలం నుంచి వచ్చింది, దాని అర్థం నింద. స్పెల్లింగ్‌లో కూడా మొదటి అచ్చు ‘ఈ’ అక్షరం, ‘ఏ’ కాదు. బహువచనం బ్లెమిషెస్, చివర ‘ఇజ్’ వినపడాలి. క్రియగా వాడితే బ్లెమిష్డ్, చివర ‘ట్’ లాగా ముగుస్తుంది.

ఎనిమిదో అడుగు: ఇంట్లోనే సాధన

చేతికి అందిన ఐదు వస్తువులు తీసుకుని బల్ల మీద పెట్టండి. మా క్లాసులో మొన్న పెట్టినవి: అంచు పెచ్చు లేచిన కప్పు, తెర మీద గీత పడ్డ ఫోన్, కొనకు తెల్లబడిన మిరపకాయ, జిప్పు కదలని బ్యాగు, పసుపు మరక ఉన్న తువ్వాలు. ఒక్కోదానికి ముందు తెలుగు పేరు చెప్పండి. తర్వాత మీదనా, లోనా చూడండి. తర్వాత పని ఆగుతుందా అని అడగండి. చివరికి ఇంగ్లిష్‌లో ఒక వాక్యం రాయండి. జిప్పు దగ్గర అందరూ ఆగిపోతారు, ఎందుకంటే చూడటానికి ఏ మచ్చా ఉండదు. అది డిఫెక్ట్. కప్పు మీద మాత్రం మా క్లాసు రెండుగా చీలింది. పెచ్చు లేచిన చోట పెదవి కోసుకుంటుందని ఒక అబ్బాయి అన్నాడు. వాడిదే సరైన జవాబు. తాగే అంచు మీద ఉంటే డిఫెక్ట్, పిడి కింద ఉంటే బ్లెమిష్.

పెద్దబాపు ఆ జంపఖానాను మళ్లీ అమ్మకానికి పెట్టినప్పుడు కొత్త చీటీ రాశాను. ఆయన పక్కనే కూర్చుని ఒక్కో మాటకు తెలుగు అడిగి, ఒప్పుకున్నాకే రాయనిచ్చారు. ఆ చీటీలో ఉన్నది ఇంతే: ‘దేర్ ఈజ్ ఎ స్మాల్ బ్లెమిష్ ఆన్ ది అండర్‌సైడ్. వన్ నాట్, హాఫ్ ఎ సెంటీమీటర్ వైడ్, నియర్ ది ఎడ్జ్. ది త్రెడ్ హ్యాజ్ బీన్ టైడ్ బై హ్యాండ్ అండ్ ది వీవ్ ఈజ్ స్ట్రాంగ్.’ చివరి వాక్యం దగ్గర ఆయన నన్ను ఆపి, ‘టైడ్ అంటె ఏందీ’ అని అడిగారు. ముడి వేశామని, అన్నాను. ‘ఆఁ, గది రాయి’ అన్నారు.